కూడికకు వచ్చిన పెట్టె

పది గంటలకు ప్రార్థన కూడిక. ఆరింటికే కృపానిధి మాస్టారు తెల్లచొక్కా తొడుక్కుని, నాలుగు మడతల కాగితం జేబులో పెట్టుకుని వాకిట్లో పచార్లు చేస్తున్నాడు. ఆ కాగితం రాసి ఏడాదైంది. తల్లి ఎలీసమ్మ భూస్థాపన నాడు చదవాలని రాసుకున్నాడు. ఆ రోజు తుఫాను. శ్రీకాకుళంలో కాకి కూడా బయటికి రాలేదు. పాస్టరుగారితో, మోసినవాళ్లతో కలిపి పదకొండు మంది. గొడుగులు తిరగబడిపోతుంటే చదివేదేమిటి, వినేదెవరు? నలభై ఏళ్లు నర్సుగా చేసి, ఆ వీధి తల్లులందరికీ పురుళ్లు పోసిన మనిషి పదకొండు మందితో వెళ్లిపోయిందన్న బాధతో కృపానిధికి ఏడాదిగా అన్నం సయించడం లేదు.

అందుకే సంవత్సరం తిరిగేసరికి జ్ఞాపకార్థ కూడిక ఘనంగా తలపెట్టాడు. రెండు వందల కార్డులు వేయించి, గడపగడపకూ తిరిగి చేతిలో పెట్టాడు. అందరూ భక్తిగా పుచ్చుకుని "సూద్దాం మాస్టారూ" అన్నారు. ముప్పై ఏళ్లు బడిపిల్లల సాకులు విన్న మనిషికి ఆ 'సూద్దాం' సంగతి తెలియకపోలేదు.

"అరవై మందికి వండిస్తే సాలండీ" అంది భార్య షీబా.

"రెండొందల మందికి. ఒక్కరికి తగ్గినా ఊరుకోను" అన్నాడు.

టెంటుహౌస్ మురళీమోహన్‌కు ముందురోజే ఫోన్ చేశాడు. "ఒరే మురళీ, పోయినేడాది మా అమ్మకి పంపినట్టే రేపు పంపించు." మురళీమోహన్ ఆయన దగ్గర చదువుకున్నవాడు. మారుమాట లేకుండా "అలాగే గురూగారూ" అన్నాడు.

ఎనిమిదింటికి భార్యాభర్తలు పూలదండ పట్టుకుని సమాధుల తోటకు బయల్దేరారు. కృపానిధి తన ఫోన్ ఛార్జింగుకు పెట్టి మరిచిపోయాడు. ఇంట్లో మిగిలింది పెరట్లో బిర్యానీ డేగిసా ముందు కూర్చున్న వంటమనిషి దేముడమ్మ ఒక్కతే.

వాళ్లటు వెళ్లగానే టెంటుహౌస్ బండి ఇటు వచ్చింది. మనుషులు టెంటు కట్టారు, కుర్చీలు దించారు. తర్వాత నలుగురు కలిసి, శవాన్ని ఉంచే ఐసు పెట్టెను హాల్లోకి మోసి, తెల్లగుడ్డ కప్పి, ప్లగ్గు పెట్టి, అది గుయ్యిమని మోగేదాకా ఉండి మరీ వెళ్లారు.

పక్కింటి లక్ష్మీనరసింహంగారు అరసవల్లి గుడి నుంచి ప్రసాదంతో వస్తూ ఇదంతా చూశాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాడు. చూసినంతవరకే వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: "మాస్టారింటికి పెట్టె వచ్చినది." మిగతాది వీధి చూసుకుంది. ఫోన్ చేస్తే మాస్టారు ఎత్తలేదు గనక మాస్టారే అన్నారు కొందరు. షీబాకు బీపీ ఉంది గనక షీబాయే అన్నారు మరికొందరు. ఇంటివాళ్లు లేకుండా గుడ్డ తీయడం పద్ధతి కాదని ఎవరూ పెట్టెను ముట్టుకోలేదు. వీధిలో శవం ఉండగా పొయ్యి వెలగకూడదని అన్ని ఇళ్లలో పొయ్యిలు ఆర్పేశారు. లక్ష్మీనరసింహంగారు ప్రసాదం కూడా నోట్లో వేసుకోలేదు. పెరట్లో పొగలో పడి ఇంటివాళ్లు వెళ్లడం గమనించని దేముడమ్మ హాల్లోకి తొంగిచూసి, వెనక్కొచ్చి, డేగిసా కింద కట్టెలు లాగి నీళ్లు కొట్టేసింది.

తొమ్మిదిన్నరకు ఆటో మలుపు తిరిగేసరికి వీధిలో నిలబడడానికి చోటు లేదు. కృపానిధి కళ్లు చెమర్చాయి.

"చూశావా, కార్డులిచ్చి పిలిస్తే ఎలా వచ్చారో" అన్నాడు భార్యతో.

ముందు షీబా దిగింది. ఆమె కోసం ఏడుస్తున్నవాళ్లు ఠక్కున ఆగి, ముక్కులు తుడుచుకుని, మాస్టారి కోసం అందుకున్నారు. వెనకనే మాస్టారూ దిగాడు. ఇక ఎవరి కోసం ఏడవాలో ఎవరికీ తెలియలేదు.

"మరెవులు పోనారు?" అంది ఎదురింటి ముసలామె జగ్గమ్మ, కాస్త కోపంగానే.

"ఎవరు పోవడమేటి?" అన్నాడు మాస్టారు.

"ఇంట్లో పెట్టె ఉన్నాది కదా."

కృపానిధి లోపలికి పరుగెత్తి గుడ్డ లాగాడు. ఖాళీ పెట్టె చల్లగా గుయ్యిమంటోంది. ఆయన ఫోన్ లాక్కుని మురళీమోహన్‌ని పిలిచాడు.

"ఈ పెట్టేటిరా?"

"అమ్మగారికి పంపినట్టే అన్నారు కదా గురూగారూ. పుస్తకంలో సూసేను. టెంటొకటి, కుర్సీలు వంద, పెట్టొకటి."

"ఎవరు పోయారని అడగొద్దురా?"

"మా లైన్లో అడగరు గురూగారూ. సావింట్లో అలాటివి అడిగితే బాగోదు."

కృపానిధి పళ్లు కొరుక్కుంటూ వాకిట్లోకి వచ్చాడు. "ఎవరూ పోలేదు. మా అమ్మ పోయినేడాదే పోయింది. ఇది జ్ఞాపకార్థ కూడిక. కార్డులిచ్చాను కదా."

జనం ముఖాలు మాడిపోయాయి. "గరివిడి డ్యూటీకని బస్సెక్కినోణ్ని, సావనీసి సెలవు సెప్పి సిలకపాలెంలో దిగిపోనాను" అన్నాడు అదే వీధి అసిరయ్య. "ఇప్పుడు ఏ మొగంతో ఎల్తాను?"

జగ్గమ్మ మెత్తగా మాట్లాడే మనిషి కాదు. "సావైతే పిలవకపోయినా వస్తాం మాస్టారూ, కడసూపు కదా. కూడికకి పిలిచినా ఎందుకొస్తాం? పోయినామె సూస్తాదేటి?"

ఏడాదిగా దిగమింగుకున్నదంతా కృపానిధి గొంతులోకి వచ్చేసింది. జేబులో కాగితం గుర్తే లేదు.

"సూడదు. సూడదు గాని, ఒరే అసిరయ్యా, నువ్వు కడుపులో అడ్డం తిరిగితే మా అమ్మ రిక్షా దొరక్క నాగావళి వంతెన మీద వానలో నడిచొచ్చింది. జగ్గమ్మత్తా, నీ మూడో కాన్పుకి రెండు రోజులు నీ మంచం పక్కనుంచి కదల్లేదు. ఆ రెండు రోజులూ ఇంట్లో నాకు టైఫాయిడ్. మీ ఇళ్లకి మా అమ్మ ఏ కార్డు సూసుకుని వచ్చింది?"

జగ్గమ్మ నెమ్మదిగా ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మూడోది కాదు బాబూ, నాలుగోది" అంది. "మూడోదానికీ ఆవిడే వచ్చినాది. సెప్పు, ఇంకా సెప్పు."

ఆయన చెప్పాడు. ఆయన మరిచిపోయినవి వాళ్లు చెప్పారు. పదింటికే వచ్చిన పాస్టరుగారికి మాట్లాడే వంతు పన్నెండున్నరకు గాని రాలేదు. దేముడమ్మ మళ్లీ రాజేసిన బిర్యానీ మూడింటికి దిగింది, మూడు వందల మందికి చాలలేదు. అప్పుడు వీధిలో పొయ్యిలన్నీ ఒక్కొక్కటే వెలిగాయి. లక్ష్మీనరసింహంగారి ఇంటి నుంచి పులిహోర వచ్చింది. పొద్దుపోయేదాకా ఎవరూ కదల్లేదు.

సాయంత్రం పెట్టె తీసుకెళ్లడానికి మురళీమోహన్ స్వయంగా వచ్చాడు. తల దించుకుని పుస్తకం తెరిచాడు.

"తప్పయిపోనాది గురూగారూ. పుస్తకంలో పెట్టె కొట్టేస్తాను. వచ్చే ఏడాదికి ఏటి రాసుకోమంటారు?"

కృపానిధి అటూ ఇటూ చూశాడు. షీబా వంటింట్లోనే ఉందని రూఢి చేసుకున్నాడు.

"పెట్టె ఉండనీ" అన్నాడు.