ముట్టుకోకూడని గండి

ఒక పెద్ద అడవిలో పనులన్నీ నోటిమాట మీదే జరిగిపోయే రోజులుండేవి. చెరువు కట్టకి గండి పడితే ఎవరో ఒకరు కేకేసేవారు. అటుగా పోతున్న ఏనుగు తొండంతో ఇంత మట్టి పోసి, కాలితో ఒక్క తొక్కు తొక్కి, తన దారిన తను పోయేది. ఈ పద్ధతి చూసి పనుల శాఖాధికారి ఎలుగుబంటికి మాత్రం పెద్ద బెంగ. ఇందులో పని కనపడుతోంది కానీ ఎలుగుబంటి ఎక్కడా కనపడటం లేదు.

ఆ ఏడు వానలకి ముందు కట్టకి చిన్న గండి పడింది. గండికి సరిగ్గా కిందే ముళ్లపంది పోలమ్మ బొరియ. అందులో ఇంకా ముళ్లయినా గట్టిపడని పిల్లలు. పోలమ్మ పరుగున వెళ్లి ఎలుగుబంటికి మొరపెట్టుకుంది.

ఎలుగుబంటి ముఖం వెలిగిపోయింది. ఇకమీదట ఏ పనైనా యాప్‌లోకి ఎక్కాకే చేయాలని, ఆ యాప్ తన చేతిలో ఫోన్‌లోనూ గుహలో కంప్యూటర్‌లోనూ పనిచేయాలని హుకుం జారీ చేసింది. సరైన యాప్ ఏదో తేల్చడానికి నక్కని సలహాదారుగా పెట్టుకుంది. ఏనుగుకీ ఒక ఫోన్ ఇచ్చారు. అది మోగితే తప్ప కాలు కదపకూడదు.

"మంచి సమయానికి తెచ్చావమ్మా గండిని" అంది నక్క. "యాప్‌లన్నిటినీ దీని మీదే పరీక్షిద్దాం."

ఒక యాప్ ఫోన్‌లో తెరుచుకుంది, కంప్యూటర్‌లో మొరాయించింది. ఇంకొకటి కంప్యూటర్‌లో చక్కగా ఉంది, ఫోన్‌లోకి రానే రానంది. మరొకటి రెండింట్లోనూ తెరుచుకుంది గానీ, దీంట్లో రాసింది దానికి తెలియదు. ఫోన్‌లో గండి ఉంది, కంప్యూటర్‌లో లేదు. దేన్ని నమ్మాలో తెలియక ఎలుగుబంటి, నక్క బుగ్గన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాయి.

"రెండడుగులు బయటికొచ్చి చూస్తే తెలిసిపోద్ది కద దొరా" అంది పోలమ్మ.

"అది పాత పద్ధతి" అంది ఎలుగుబంటి.

పోలమ్మకి ఒళ్లు మండింది. ఆకాశం చూస్తే మబ్బేసి ఉంది. ఇంటికెళ్లి పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టి, తనే మట్టి తవ్వి, తోసి తోసి గండి పూడ్చేసింది. గోళ్లు అరిగిపోయినా ఆ పూట కంటినిండా నిద్రపోయింది.

తెల్లారేసరికి కోతి వచ్చి ఆ మట్టంతా లాగి పారేసింది. గండికి కాపలా పెట్టింది దాన్నే. కొన్ని యాప్‌లని గండితో చూసి, మిగతావాటిని గండి లేకుండా చూస్తే పోలిక ఎలా కుదురుతుందని నక్క ఓపిగ్గా నచ్చజెప్పింది. ట్రయల్ అయ్యేదాకా గండిని ఎవరూ ముట్టుకోకూడదు. పోలమ్మ పూడ్చడంలో అంచులు పాడయ్యాయని, కోతి వాటిని ఇంకాస్త వెడల్పుగా చెక్కి నున్నగా చేసింది కూడా.

పోలమ్మ వెళ్లి ఏనుగు కాళ్ల మీద పడింది. ఏనుగు మనసు మంచిదే, కళ్లనీళ్లు పెట్టుకుంది. ఫోన్ తీసి చూసుకుంది. "ఇంకా మోగలేదమ్మా" అంది.

వాన మాత్రం యాప్ కోసం చూడలేదు. కుండపోతగా కురిసింది. ఆ వానలోనే ట్రయల్ ముగిసి, ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకేలా పనిచేసే యాప్ దొరికింది. ఏనుగు ఫోన్ మోగింది. పాపం, తొండం నిండా మట్టితో ఉరుక్కుంటూ వెళ్లి, అంతా తిరిగి, ఆ మట్టితోనే వెనక్కి వచ్చింది.

"గండి కనపళ్లేదండీ. కట్ట ఉంటే కదా."

నక్క ఒక్క క్షణం ఆలోచించింది. గండి లేదంటే పని అయిపోయినట్టే లెక్కని తేల్చి ఫోన్‌లో టిక్కు కొట్టింది. అదే క్షణంలో కంప్యూటర్‌లోనూ టిక్కు పడింది. ఎలుగుబంటి ఆనందం పట్టలేక గంతులేసింది.

అప్పుడే పోలమ్మ తడిసి ముద్దై వచ్చింది. పిల్లల్ని ఎలాగో బండ మీదికి చేర్చింది. బొరియ మాత్రం కొట్టుకుపోయింది.

"మొట్టమొదట పూర్తయింది నీ పనేనమ్మా. యాప్‌కి ఎన్ని నక్షత్రాలిస్తావు?" అని అడిగి, ఎలుగుబంటి మరో గంతేయడానికి అటు తిరిగింది.

పోలమ్మ కూడా వెనక్కి తిరిగి, ముళ్లన్నీ నిక్కబొడుచుకుని, ఎలుగుబంటి పిర్రల మీదికి ఒక్క ఉదుటున వెళ్లింది. పుట్టి బుద్ధెరిగాక పోలమ్మకి అంత హాయి ఎప్పుడూ కలగలేదు.

ఎలుగుబంటికి కూర్చోడానికి లేదు, పడుకోడానికి లేదు. ముళ్లు తియ్యమని ఏనుగుని బతిమాలింది. ఏనుగు తొండం చాచబోయి, అలవాటు చొప్పున ఫోన్ చూసుకుని ఆగిపోయింది. ఇంతకన్నా మంచి యాప్ ఒకటి వచ్చిందని విని నక్క అప్పుడే చెవులు రిక్కించింది.

"తొందరేటి దొరా" అంది పోలమ్మ. "దాంట్లో ఎక్కించండి. ట్రయల్ అయ్యేదాకా మటుకు ముళ్లని ఎవరూ ముట్టుకోకూడదు."

ఆ మాట వినగానే కోతి వెళ్లి ఎలుగుబంటి వెనకాల కాపలా నిలబడింది.

నీతి కావాలంటే ఇదీ: గండి పూడ్చడం ఎవరైనా చేస్తారు, గండి పడ్డానికి కట్టే లేకుండా చేయడం ఆఫీసు ఉన్నవాళ్లకే చేతనవుతుంది.