నట్టనడిమి మేకు

మహాదేవప్ప బతుకులో మిగిలిన సుఖం ఒక్క ఆదివారమే. వారమంతా ట్రాక్టర్ల కంపెనీ తినేస్తుంది. మిగిలిన ఆ ఒక్క రోజునూ ఇప్పుడు బామ్మర్ది నాగరాజ్ తినేస్తున్నాడు. అతనికి న్యాల్‌కల్‌లో అల్లం చేను ఉంది. తవ్వకానికి కూలీలు దొరకడం లేదట, బావ మాత్రం దొరుకుతున్నాడు.

వంగిన నడుము వంగినట్టే ఉండిపోయింది. "ఏం అప్పా, కింద ఏమన్న పోగొట్టుకున్నవా?" అని కంపెనీలో దోస్తులు అడుగుతున్నారు. పోగొట్టుకున్నది ఆదివారాన్నని చెబితే ఇంకా నవ్వుతారని ఊరుకున్నాడు.

ఈ దుఃఖంలోంచే అతనికొక ఉపాయం పుట్టింది. వడ్రంగితో మూడు మూలల చెక్కపలక చేయించి ఇంటికి తెచ్చాడు. దాని నిండా తొర్రలు, తొర్రకొక చెక్కమేకు.

"ఆట సూడు మహేశ్వరీ," అన్నాడు భార్యతో. "ముందుగాల ఏదో ఒక మేకు తీసెయ్యాలె. ఇగ ఒక మేకు పక్క మేకు మీదికెళ్లి దుంకి ఖాళీ తొర్రల పడాలె. దుంకించుకున్న మేకు బయటికి. ఆఖరికి తక్కువ మిగిల్చినోళ్లదే గెలుపు. నేను గెలిస్తే మీ తమ్ముని చేనుకు పోను."

"నేను గెలిస్తే?"

"తవ్వకం అయ్యేదాంక నోరెత్తకుంట పోత."

ఆమె గెలుస్తుందన్న అనుమానం అతనికి కలలో కూడా లేదు. పైమూల మేకు తీసి మొదలుపెడితే చివరికి ఒక్కటే మిగిలే వరుసను ఫోన్‌లో చూసి బట్టీపట్టి ఉన్నాడు.

మహేశ్వరి పలకకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. "కొత్త వస్తువు. ముందు నా చెయ్యి పడాలె," అంటూ నట్టనడిమి మేకు పీకింది.

మహాదేవప్ప గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అది గాదే, పైమూలది!"

"ఏదో ఒకటి అన్నవ్ గదా. నా చెయ్యి పడంది కొత్త స్కూటర్‌కు కిక్కు గూడ కొట్టనన్నది ఎవరు?"

అన్నది తనే. బట్టీపట్టిన వరుస ఒక్క అడుగు కూడా సాగలేదు. దేవుడి మీద భారం వేసి తోచినట్టు దూకించాడు. చివరికి ఐదు మేకులు మిగిలాయి. మాటల్లేని చుట్టాల్లా ఎక్కడివక్కడ దూరంగా నిలబడ్డాయి.

మహేశ్వరి వంతు వచ్చింది. మేకులన్నీ మళ్లీ నింపి, పైమూలది తీసింది.

"అగో! ఇప్పుడు మూలది తీస్తవేంది?"

"నీ ఆటకు బోణీ చేసిన. ఇది నా ఆట."

టకటకా దూకించింది. ఒక్క మేకు మిగిలింది. మహాదేవప్పకు నిజంగానే ఏడుపొచ్చింది.

"నీకెవరు నేర్పిన్రే?"

"నువ్వే. రోజూ పొద్దుమూకంగనే పళ్లెంల పల్లీలు గిట్లనే పేర్సి, ఒకదాని మీదికెళ్లి ఒకటి దుంకిచ్చి, దుంకించుకున్నది నోట్లేసుకుంటివి గదా! దిమాక్ ఖరాబైందేమోనని గుబులైంది. దవాఖానల అడుగుతరని ఏ పల్లి ఎటు పోతదో అంత గుర్తు వెట్టుకున్న."

ఆదివారం పొద్దున్నే మహాదేవప్ప అల్లం చేనులో పార పట్టుకుని నిలబడ్డాడు. కళ్లెదుట చేనంతా మొక్కలే. ఒకదాని మీద నుంచి ఒకటి దూకి బయటికి పోయేవి కావవి. అన్నీ తనే తవ్వాలి.

"నాగరాజూ," అన్నాడు దీనంగా. "ఆఖరికి ఒక్కటి మిగిలిస్తే నడుస్తదా?"

"నడ్వది బావా. ఒక్కటి గూడ మిగలొద్దు."

మహాదేవప్ప నడుం వంచాడు.