మాసయ్య చెలకలో విమానాల మైదానం

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు, కొల్లాపూర్‌కు ఎగువనున్న సింగారంపల్లి ప్రజలకు విమాన ప్రయాణంలో పాటించవలసిన జాగ్రత్తలు సవివరంగా తెలియజేయబడ్డాయి. ఆ ఊరికి సరైన బండిబాట కూడా లేదు గనుక ఈ విజ్ఞానం ఎంత అత్యవసరమో చదువరులు గ్రహించగలరు.

తెలియజేసినవారు సాక్షాత్తూ ఊరి దొరవారు. బేగంపేటలో విమానమెక్కి మద్రాసు చూసివచ్చిన మహనీయులు. కోటలాంటి తమ గడీ ముందు ఊరందరినీ కూర్చోబెట్టారు. జొన్న కంకులు పాలుపోసుకుంటున్నాయి, చేనికి పోయి పిట్టలను తోలాలి. అయినా రైతు మాసయ్య ముందువరుసలోనే కూర్చున్నాడు. రాకపోతే గడీవాళ్లు వచ్చి తీసుకుపోతారు.

"ఇమానం లేచేటప్పుడు చెవులు దిబ్బడేసుకుంటయి. పిప్పరమెంటు బిళ్ళ చప్పరించాలె," అని దొరవారు సెలవిచ్చారు. "సిరా పెన్ను నింపుకొని ఎక్కొద్దు. పైకి పోతే సిరా కక్కుతది."

సాక్ష్యంగా కోటు మీది మరక చూపించారు. పెన్ను ముఖమెరుగని ఆ ప్రజలు ఇకమీదట జాగ్రత్తగా ఉంటామని ముక్తకంఠంతో మాట ఇచ్చారు.

ఎక్కే ముందు మనిషిని కూడా కాంటా మీద నిలబెట్టి తూస్తారని విన్నప్పుడు మాసయ్యకు ఆశ్చర్యం కలిగింది. గడీ కాంటా మీద అతని ధాన్యం ఏ ఏడూ సరిగ్గా తూగింది లేదు. దొరగారు కూడా తక్కువే తూగారా అని అడగబోయి, దగ్గి ఊరుకున్నాడు.

ఇంతటి జ్ఞానం పొందిన ఊరికి విమానం దిగే చోటు లేకపోవడం తలవంపులని దొరవారు బాధపడ్డారు. ఊళ్లో చదునైన నేల మాసయ్య జొన్న వేసిన ఎర్రచెలక ఒక్కటే.

మాసయ్య లేచి చేతులు జోడించాడు. "దొరా, జర పంట కోసుకునేదాక ఆగుండ్రి."

"ఇమానం ఆగుతదా, మాసయ్యా?" అని దొరవారు ఎంతో దయగా అడిగారు.

మర్నాడు ఊరంతా వెట్టికి దిగి పచ్చిచేను కోసింది. తొలి కొడవలి వేసే గౌరవం మాసయ్యకే దక్కింది. తర్వాత రాతిగుండు దొర్లించి, విమానానికి గుర్తుగా నడుమ సున్నంతో గుండ్రం గీశారు.

చాన్నాళ్లకు ఒక విమానం వచ్చింది. ఆకాశంలో ఎంతో ఎత్తున, ఎటో పోతూ, అటే పోయింది. పైవాళ్లు మైదానాన్ని పరీక్షించి తృప్తిచెందారని గడీ మీదినుంచి ప్రకటన వెలువడింది. మాసయ్య మెడ నొప్పెట్టేదాకా చూశాడు. ఎందుకో గాని ఛాతీ ఉప్పొంగింది.

ఇంట్లో భార్య హన్మమ్మ గట్ల మీద ఏరుకొచ్చిన చెంచలికూర ఒక్కటే ఉడకేస్తోంది. "ఇమానం మనూరి మీదికెళ్లి పోయింది, సరే. ఏడాదంత ఏం తినాలె?" అంది.

ఆ వారంలోనే పొరుగూరి పెద్దలు మాసయ్యను వెతుక్కుంటూ వచ్చారు. విమానాల మైదానం లేక సంతలో తమ ఊరికి విలువ పోతోందని, దొరగారితో తమకోసం ఒక మాట చెప్పమని బతిమాలారు. వాళ్ల చేలలోనూ జొన్న నిలబడే ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. హన్మమ్మ తలుపు దగ్గర నిలబడి అతని మొహమే చూస్తోంది.

మాసయ్య రుమాలు సవరించుకుని, కాలు మీద కాలేసుకున్నాడు. "మీ ఊరు వేరే, మా ఊరు వేరే. గిది అందరికి దక్కేది కాదు. సరే, అడిగి చూస్త తియ్యి."

రెండో మైదానానికి దొరవారు ఎవరినీ వెట్టికి పిలవవలసిన పనిపడలేదు. ఆ ఊరివాళ్లే తమ పచ్చిచేలు కోసుకుని వచ్చి, గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.