దర్జీగారి నిగ్రహం

"ఏవండీ, ఇవాళ బళ్ళో మీరు చెయ్యాల్సింది ఒక్కటే. ఏమీ చెయ్యకపోవడం," అంది భార్య, ఆఫీసుకి బయల్దేరుతూ.

దర్జీ బుద్ధిగా తలూపాడు. అప్పటికే ఆయన చేతులు నాలుగేళ్ళ పాప బూటు లేసు కడుతున్నాయి.

"అదిగో! ఆ చేతులే మన కొంప ముంచుతున్నాయి!"

నిజమే మరి. మొదటి బడిలో పాపని పేరడిగితే ఆయన చెప్పాడు. రెండో బడిలో పాపని బొమ్మకి రంగు వెయ్యమంటే, గీత దాటకుండా ఎంతో అందంగా ఆయనే వేశాడు. రెండు చోట్లా సీటు రాలేదు. ఇక మిగిలింది వీధి చివరి మాంటిస్సోరి బడి. అందులో ఉన్నది ఒకే ఒక్క సీటు, దానికి ముగ్గురు పిల్లలు పోటీ.

"ఇక్కడ పిల్లలు తమ పని తామే చేసుకుంటారు. అడిగితేనే సాయం. పెద్దవాళ్ళు కూర్చుని చూడాలి, అంతే," అంది అక్కడి టీచర్.

మిగతా తల్లిదండ్రులు అక్కడున్న పిల్లల కుర్చీలు చూసి, తెలివిగా గోడకి ఆనుకుని నిలబడ్డారు. దర్జీ మాత్రం కూర్చోమన్నారు కదా అని, చేతులున్న ఓ బుల్లి కుర్చీలోకి ఊపిరి బిగబట్టి నడుం దూర్చాడు. ఊపిరి వదిలాక తెలిసింది, కుర్చీ ఇక వదలదని.

పాప గుండీల చట్రం తెచ్చుకుంది. చెక్కకి బిగించిన రెండు గుడ్డముక్కలు, ఒకదానికి గుండీలు, రెండోదానికి కాజాలు. మొదటి గుండీని తీసుకెళ్ళి రెండో కాజాలో పెట్టింది. పెళ్ళి కాకముందు నుంచీ కాజాలు కుడుతున్న ప్రాణం విలవిల్లాడింది. ఆయన లేవబోయాడు. వెనకే కుర్చీ కూడా లేచింది. గబుక్కున కూలబడి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు.

చివరికొచ్చేసరికి పాపకి ఓ గుండీ మిగిలిపోయింది. కాసేపు ఆలోచించింది. అన్నీ విప్పి, మళ్ళీ మొదలెట్టి, ఈసారి సరిగ్గా పెట్టింది. దర్జీకి కళ్ళు చెమర్చాయి, సగం మురిపెంతో, సగం నడుం నొప్పితో.

ఇంతలో జగ్గులోంచి గ్లాసులోకి నీళ్ళు పోసే పని వచ్చింది. ముగ్గురు పిల్లలూ ఒలకబోశారు. ఒకావిడ కొంగుతో తుడవడానికి పరిగెత్తింది. ఒకాయన కొడుకు చేతిలోంచి జగ్గు లాక్కున్నాడు. దర్జీ కదిలితే ఒట్టు.

"చూశారా, ఈయన్ని చూసి నేర్చుకోండి. ఎంత నిగ్రహం!" అంది టీచర్. "నాన్నగారూ, సీటు మీ పాపకే. లేచి వీళ్ళకి రెండు మాటలు చెప్పండి."

"కూర్చునే చెప్తానండీ."

"అబ్బే, మర్యాదగా ఉండదు. లేవండి."

"పాప ధ్యాస చెదురుతుందండీ..."

"ఆహా! నేను మొత్తుకునేది ఇదే!" అంటూ టీచర్ అందర్నీ ఆయన చుట్టూ చేర్చింది.

గుంపులోంచి పాప తల దూర్చి చూసింది. "నాన్నా, సాయం కావాలా?"

ఇంతమంది ముందు ఏం చెప్తాడు? "వద్దు తల్లీ."

"సరే," అని పాప నిజంగానే వెళ్ళిపోయింది.

ఇక జన్మంతా ఈ కుర్చీతోనే బట్టలు కుట్టాలి కాబోలనుకున్నాడు దర్జీ. పరువూ గిరువూ పక్కన పెట్టి, "తల్లీ! కావాలమ్మా, కావాలి!" అని అరిచాడు.

పాప కుర్చీ పట్టుకుంది. పాపని ఇంకో పిల్ల, ఆ పిల్లని ఇంకో పిల్లాడు పట్టుకుని లాగారు. కుర్చీ టప్పున ఊడింది. పాప దాన్ని మోసుకెళ్ళి, ఎక్కడిదక్కడ పెట్టింది.

"ఇదా నిగ్రహం!" అన్నాడు జగ్గు లాక్కున్నాయన.

దర్జీ ముఖం పాలిపోయింది. మూడో సీటూ పోయింది, ఇంటికెళ్ళి ఏ మొహం చూపించాలి? "టీచర్ గారూ, తప్పు నాది. పాపనేమీ అనకండి," అన్నాడు.

టీచర్ నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకుంటోంది. "మీ నిగ్రహం సంగతి సరే. పాప మాత్రం మీరు వద్దంటే ఆగింది, అడిగితేనే చేసింది. సీటు తనకే."

సాయంత్రం భార్య నమ్మలేకపోయింది. "నిజంగా మీరేమీ చెయ్యలేదా?"

"లేచానేమో పాపనే అడుగు," అన్నాడు దర్జీ.

ఆ రాత్రి భోజనం మాత్రం నిలబడే చేశాడు.