గిన్నెల మీద పేర్లు

ఆ ఉదయం మృదుల వేసుకున్న లెక్క చిన్నదే. పదింటికి దిల్‌సుఖ్‌నగర్‌లోని తమ కాలనీ హాల్లో ఆడవాళ్లకు తన పని చూపించాలి. నాలుగింటికి వచ్చే ప్రదర్శన నిర్వాహకుడు పట్టాభిని మెప్పించాలి. ఆయన సరేనంటే ఎల్బీనగర్‌ ప్రదర్శనలో చోటు దొరుకుతుంది. కాదంటే మూడు నెలల శ్రమ మళ్లీ పాత సామాన్ల దుకాణానికే పోతుంది.

ఆమె జనం పారేసిన వస్తువులతో కళాఖండాలు చేస్తుంది. ఈసారి ఇనుప చట్రానికి రెండు వందల స్టీలు సామాన్లు బిగించింది. అన్నిటి మీదా కానుకిచ్చిన మగవాళ్ల పేర్లు కొట్టించి ఉన్నాయి. పైన 'తోమింది మేము, పేరు మీది' అని బోర్డు పెట్టింది. ఆలోచన గట్టిదే. కానీ సామాన్లన్నీ ఆ కాలనీ చివరి దుకాణంలో ఏరినవి. ఏ వీధిలో ఏరిన సరుకును ఆ వీధికే చూపించకూడదని ఆమెకు తట్టలేదు.

ముందుగా వచ్చిన వెంకాయమ్మ ఒక బిందె దగ్గర ఆగి, కళ్లజోడు సర్దుకుంది. "గృహప్రవేశ కానుక, త్రినాథరావు. మా ఆయన పేరే కదమ్మా ఇది. శ్రీకళకి మేమిచ్చిన బిందె."

పక్కనే ఉన్న ఎదురింటి శ్రీకళ తల దించుకోలేదు. చట్రమంతా వెతికి, తన భర్త వీరేందర్ పేరున్న టిఫిన్ డబ్బా మీద వేలు పెట్టింది. "మరి గిదేంది పిన్ని? మీ మనవరాలి బారసాలకు మేం పెట్టిందే."

"దానికి మూత పట్టదమ్మా."

"మీ బిందె నిలబడ్తదా?"

ఇద్దరూ చెరో ఫోను తీసి మిగతావాళ్లను పిలిచారు. పన్నెండింటికి ముప్పై మంది ఆడవాళ్లు చట్రం చుట్టూ తమ కానుకలు వెతుకుతున్నారు. ప్రతివాళ్లూ దొరికిపోయారు, ప్రతివాళ్లూ ఇంకొకరిని పట్టుకున్నారు. అంతా సరిసమానమని తేలాక పోట్లాటలో లాభం కనిపించలేదు. సాయంత్రం భర్తలు వచ్చి చదివితే మాత్రం అందరికీ నష్టమే. అందుకని చట్రం అతికిన వెల్డింగ్ పోచయ్యను గ్రైండింగ్ మిషన్‌తో పిలిపించారు.

మృదుల అడ్డం నిలబడింది. "పేర్లు తీసేస్తే ఇంక ఇందులో ఏముంటుంది పిన్నిగారూ?"

"గిన్నెలుంటాయి కదమ్మా," అంది వెంకాయమ్మ.

"అన్నీ గీకాల్నా అమ్మా?" అని పోచయ్య మృదులనే అడిగాడు. జవాబు ముప్పై మంది చెప్పారు.

నాలుగింటికి పట్టాభి బోర్డు చదివి, గీతలు పడిన గిన్నెలను ఒక్కొక్కటిగా చూశాడు. మృదుల క్షమాపణకు సిద్ధమైంది.

"మగవాళ్ల పేర్లు చెరిపించడం మంచి ఆలోచన. మీదేనా?"

"కాలనీ వాళ్లది," అని ఆమె నిజమే చెప్పింది. ఎల్బీనగర్‌లో చోటు ఖాయమైంది.

ఆరింటికి భర్తలు వచ్చి చట్రం ముందు వరసగా ఫొటోలు దిగారు. తామిచ్చిన గిన్నె ఏదో ఒక్కరికీ తెలియలేదు.