కారులో తాబేలు

ఆ ఉదయం ఆవిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, అత్తగారికి మాత్రలివ్వడం, ఒక కుర్రాడి చేత కెమెరా ఆన్ చేయించడం. మొదటి రెండూ చకచకా అయిపోయాయి.

ఆవిడ యూనివర్సిటీలో కౌన్సెలర్. చదువుల ఒత్తిడితో, దిగులుతో, నిద్ర పట్టక సతమతమయ్యే పిల్లలతో మాట్లాడి వాళ్లను ఓ దారికి తేవడం ఆవిడ ఉద్యోగం. అపార్ట్‌మెంటులో అందరూ ‘మనసు డాక్టరమ్మ’ అంటారు. నేను డాక్టర్ని కాదు మహాప్రభో అని మొదట్లో చెప్పి చూసింది. విన్నవాళ్లు అలాగేనమ్మా అని తలూపి, మోకాళ్ల నొప్పికి మందు అడిగేవారు. కాబట్టి మనమూ డాక్టరమ్మ అనే అందాం.

మహమ్మారి వచ్చి యూనివర్సిటీకి తాళం పడ్డాక డాక్టరమ్మ కౌన్సెలింగ్ అంతా ఫోనులోకి మారింది. పిల్లలు మొహమాటపడకుండా ఎవరికి నచ్చిన మారుపేరు వాళ్లు పెట్టుకోవచ్చన్నారు. అలా వచ్చినవాడే తాబేలు. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. తోటివాళ్లంతా ఇళ్లకు చేరుకున్నా, వాడు బయలుదేరేలోపు దారులు మూసేయడంతో హాస్టల్లో ఒంటరిగా చిక్కుకుపోయాడు. మొదట్లో మాట్లాడటానికి ఎవరూ లేరని ఏడ్చాడు. తరవాత్తరవాత ఎవరైనా మాట్లాడిస్తారేమోనని వణకడం మొదలుపెట్టాడు. కెమెరా అంటే మరీ గుండెదడ. డాక్టరమ్మ కూడా వాడి మొహం ఇంతవరకూ చూడలేదు. ఓ నల్లటి తెర, అందులోంచి ఓ సన్నటి గొంతు, అంతే.

ఆ రోజు పదకొండింటికి వాడికి ఆన్‌లైన్లో వైవా. ఎగ్జామినర్లకు కెమెరాలో కనబడి జవాబులు చెప్పాలి. కనబడకపోతే ఫెయిలు, ఫెయిలైతే ఏడాది గంగపాలు. దానికి ముందు కాసేపు తనతో మాట్లాడమని వాడే అడిగాడు. వాడంతట వాడు నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదటిసారి.

ఎక్కడ కూర్చుని మాట్లాడాలన్నదే వచ్చిన చిక్కు. ఇంట్లో ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో లెక్కల మాస్టారైన భర్త బడిపిల్లలకు ఫోనులో బీజగణితం అరిచి చెబుతుంటాడు. రెండోదాంట్లో అత్తగారు. అత్తగారికి చెవులు మందమని అందరూ అంటారు గాని, వినకూడనివి మాత్రం భేషుగ్గా వినబడతాయి. కిందటిసారి తాబేలు కాస్త గొంతు పెగుల్చుకుని తన దిగులు చెప్పుకుంటూ ఉంటే, ఆవిడ తలుపు సందులోంచి తల పెట్టి, “ఆ అబ్బాయికి ఓ పెళ్లి చేసి పారేస్తే సరిపోతుంది కదుటే అమ్మాయ్!” అన్నారు. తాబేలు ఠక్కున డొప్పలోకి ముడుచుకుపోయాడు. వారం దాకా మళ్లీ తల బయట పెట్టలేదు.

అందుకని డాక్టరమ్మ ఈసారి రెండు దుప్పట్లు చంకన పెట్టుకుని సెల్లారులోకి దిగింది. నెలల తరబడి కదలక దుమ్ము పట్టిన వాళ్ల పాత కారు అక్కడ ఓ మూల ఉంది. అద్దాలకు లోపలినుంచి దుప్పట్లు బిగించి, స్టీరింగు పక్కన స్టాండులో ఫోను పెట్టి, తాళం తిప్పింది. ఫోను తనంతట తానే కారు స్పీకర్లకు అంటుకుంది. పాటలు వినాలని మాస్టారు ముచ్చటపడి పెట్టించుకున్న స్పీకర్లవి. కారు ఖరీదు చేసినా చేయకపోయినా అవి మాత్రం ఖరీదు చేస్తాయి. లోపలున్న డాక్టరమ్మకు తాబేలు గొంతు స్పష్టంగా వినిపించింది. బయటికి అంతకంటే స్పష్టంగా వినిపిస్తోందని తోచలేదు.

“మేడమ్, చేతులు వణుకుతున్నాయి.”

“వణకనీ, ఏం పరవాలేదు. కళ్లు మూసుకో. నెమ్మదిగా ఊపిరి తీసుకో... ఆపు... ఇప్పుడు వదులు. ఆఁ, అలాగే. ఇంకోసారి.”

తాబేలు తీసిన ఊపిరికి సెల్లారంతా కొలిమితిత్తిలా మోగింది.

సరిగ్గా అప్పుడే మూడో అంతస్తు పిన్నిగారు చెత్త పారబోయడానికి కిందికి వచ్చారు. దుప్పట్లు కప్పిన కారులోంచి, “బాగా చేస్తున్నావు... ఇంకొంచెం ఓర్చుకో... అయిపోయింది, అయిపోయింది...” అన్న డాక్టరమ్మ మాటలు, వెంట భారమైన మూలుగు వినిపించాయి. ముగ్గురు పిల్లల తల్లి. ఆవిడకు ఇంకెవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. చెత్తబుట్ట అక్కడే వదిలేసి సెక్రటరీగారింటికి పరుగెత్తారు. అప్పటికే అక్కడ వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు. వాడు విన్నది వేరు.

“డాక్టరమ్మగారి కారులో ఎవడో మగమనిషి ఉన్నాడయ్యా! ఊపిరాడక కొట్టుకుంటున్నాడు. ఇది ఆ జబ్బే!”

“జబ్బు కాదు, పురుడు!” అన్నారు పిన్నిగారు రొప్పుతూ. “నా చెవులతో విన్నాను. నొప్పులు పడుతున్నారు!”

అపార్ట్‌మెంటు సెక్రటరీగారికి మహమ్మారి వచ్చాకే జీవితానికి ఒక అర్థం దొరికింది. బయటివాళ్లెవరూ లోపలికి రాకూడదని గేటుకు పెద్ద బోర్డు తగిలించి, దాన్ని ఉల్లంఘించే మొనగాడి కోసం అప్పట్నుంచీ ఆశగా ఎదురుచూస్తున్నారు.

“మగమనిషికి పురిటినొప్పులేమిటండీ?” అన్నారు అనుమానంగా.

“ఏమో, ఈ జబ్బుకి రోజుకో కొత్త లక్షణం చెబుతున్నారు కదా!” అన్నాడు వాచ్‌మన్.

సెక్రటరీగారికి ఆ మాట నచ్చింది. ఆరోగ్య శాఖకు ఫోన్ చేసి, “మా సెల్లారులో బయటి మనిషి, మగవాడు, ఊపిరాడటం లేదు, ప్రసవం కూడా కావచ్చు, తొందరగా రండి,” అని చెప్పారు. ఆ తరవాత ప్రతి తలుపూ తట్టి, ఎవరూ బయటికి రావద్దని హెచ్చరించారు. దాంతో అందరూ బయటికి వచ్చారు.

కారు అద్దం మీద టకటక కొట్టిన చప్పుడుకు డాక్టరమ్మ ఉలిక్కిపడింది. “ఒక్క నిమిషం ఉండు, కంగారుపడకు,” అని తాబేలుకు చెప్పి దిగింది. లోపలి ఫోను ఎవరి కంటా పడకూడదని తలుపు వెనక్కి గట్టిగా వేసింది. ఆ కారుకో జబ్బుంది. తలుపు గట్టిగా వేస్తే దానంతట అదే లాక్ పడిపోతుంది. తాళం లోపల, ఫోను లోపల, డాక్టరమ్మ బయట.

“లోపలెవరమ్మా?” అన్నారు సెక్రటరీగారు.

“ఎవరూ లేరండీ.”

అంతలో కారు గొంతెత్తింది. “మేడమ్! ఉన్నారా? ఊపిరాడటం లేదు మేడమ్!”

జనం ఒక్కసారిగా వెనక్కి తగ్గి, వెంటనే అంతకు రెట్టింపు ముందుకు వచ్చారు.

“ఎవరూ లేకపోతే మాట్లాడేదెవరు?”

డాక్టరమ్మ కారు తలుపు పట్టుకుని గుంజి చూసింది. తన దగ్గరికి వచ్చే పిల్లల సంగతి ప్రాణం పోయినా బయట పెట్టకూడదు. అది ఉద్యోగధర్మం. పైగా వాడి వ్యవహారం ఇంతమంది ముందు పెడితే వాడిక ఈ జన్మలో తల బయట పెట్టడు. “నేను చెప్పకూడదండీ,” అంది.

చెప్పకూడదు అన్న మాటకు ఉన్న బలం మరే మాటకూ లేదు. జనంలో ఒకావిడ వెంటనే, “మాస్టారికి తెలుసా?” అని గుసగుసలాడింది. మాస్టారికి తెలియజేయడానికి ఇద్దరు పైకి పరుగెత్తారు.

మాస్టారు పాఠం ఆపకుండా ఫోను పట్టుకునే దిగివచ్చాడు. తెర మీద చిన్న చిన్న గళ్లలో క్లాసంతా ఉంది. “ఏమైందే?” అని అడిగితే, “కారు రెండో తాళం తెండి, తరవాత చెబుతాను,” అంది భార్య. మాస్టారు పైకి పరుగెత్తి, తాళంచెవి తెచ్చి, చెమటలు కక్కుతూ కారుకు పెట్టి తిప్పాడు. అది స్కూటరుది.

“సార్, ఇది పరీక్షకి వస్తుందా?” అని తెరలోంచి ఓ పిల్ల అడిగింది.

ఈ గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆరోగ్య శాఖ వ్యాను వచ్చి ఆగింది. తలనుంచి కాళ్లదాకా తెల్లని సూట్లు తొడుక్కున్న ఇద్దరు దిగారు. వాళ్లలో ఆఫీసరు ఎవరో సూటు మీద పెన్నుతో రాసి ఉంది గనక తెలిసింది.

“పేషెంటు పేరు?” అన్నాడు ఆఫీసరు.

డాక్టరమ్మ మనసంతా కారులో ఉంది. లోపలినుంచి “మేడమ్... మేడమ్...” అన్న పిలుపు క్రమంగా నీరసిస్తోంది. “అయ్యో, తాబేలు మళ్లీ ముడుచుకుపోతున్నాడు,” అనేసింది పైకి.

ఆఫీసరు రాస్తున్నవాడల్లా ఆగాడు. “తాబేలా?”

“తాబేలే,” అన్నాడు వాచ్‌మన్ సాక్షిలా. “పేరు ఇప్పుడే బయటపడింది.”

“వయసు?”

“తాబేళ్లు మూడొందల ఏళ్లయినా బతుకుతాయంటారండీ,” అన్నారు పిన్నిగారు.

“చూడండమ్మా, జంతువులకి మా దగ్గర పరీక్షల్లేవు. తాబేలుని ఇంట్లో పెంచడం నేరం కూడా. దానికి అటవీ శాఖని పిలవాలి.”

“పిలవండి!” అన్నారు సెక్రటరీగారు ఉత్సాహంగా. మరో శాఖ వస్తుందంటే ఆయన ఛాతీ రెండంగుళాలు పొంగింది.

“తాబేలు మాట్లాడుతుందా?” అని అప్పటిదాకా ఎవరికీ రాని సందేహం మాస్టారికి వచ్చింది. దానికి జవాబు వెతికే ఓపిక ఎవరికీ లేకపోయింది. లోపల మూలుగు ఆగిపోయింది మరి.

“మనిషో జంతువో, ప్రాణం పోతోంది!” అని అరుస్తూ సెక్రటరీగారు పూలకుండీ ఎత్తారు. “అద్దం పగలగొడుతున్నాను, అందరూ తప్పుకోండి!”

డాక్టరమ్మ కారుకు అడ్డంగా చేతులు చాచి నిలబడింది. “వద్దు! లోపల నిజంగా ఎవరూ లేరు. ఆ అబ్బాయి ఎవరో నేను చెప్పను. నన్నేం చేసుకుంటారో చేసుకోండి. కేసు పెట్టండి, ఇల్లు ఖాళీ చేయించండి, నా నోటి వెంట మాత్రం రాదు!”

అప్పుడు కారు గొంతు సవరించుకుంది.

“అద్దం పగలగొట్టకండి సార్. నేను లోపల లేను.”

“లోపల లేనివాడివి ఎక్కణ్నుంచి మాట్లాడుతున్నావు?” అన్నాడు ఆఫీసరు, కారును ఉద్దేశించి, చాలా మర్యాదగా.

“హాస్టల్ నుంచి సార్. ఇది ఫోను. మేడమ్ మా కౌన్సెలర్. నాకు భయమేస్తే ఊపిరి తీసుకోవడం నేర్పిస్తున్నారు. అంతే సార్. మేడమ్‌ని ఏమీ అనకండి.”

“నమ్మడమెలా?” అన్నారు సెక్రటరీగారు, కుండీ దించకుండానే.

వద్దు నాయనా, నా కోసం నువ్వేమీ చెయ్యొద్దు అని డాక్టరమ్మకు అరవాలనిపించింది. డ్రైవరు వైపు అద్దానికి కట్టిన దుప్పటి ఇంతమంది కుదుపులకు సరిగ్గా అప్పుడే జారిపోయింది. అందులోంచి స్టాండులో ఫోను కనబడుతోంది. చూస్తూండగా ఆ నల్లటి తెర తెల్లబడింది. దువ్వెన మొహం ఎరగని జుట్టు, చెంపలు పీక్కుపోయిన ఓ కోల మొహం, బిక్కుబిక్కుమనే రెండు కళ్లు. డాక్టరమ్మ వాణ్ని చూడటం అదే మొదలు. ఇంతకాలం సన్నగా వినిపించిన గొంతుకు ఇంత పొడుగు మనిషి ఉంటాడని ఆవిడ అనుకోలేదు.

అవతల తాబేలుకు కనబడింది వేరు. అద్దానికి ముక్కులు అదిమిపెట్టిన పాతికమంది, రెండు తెల్లని భూతాలు, ఒక పూలకుండీ, క్లాసంతా నింపుకున్న మరో ఫోను. వాడు పీడకలల్లో కూడా ఇంత ఊహించలేదు. ఇంత జరిగాక ఇక భయపడటానికి ఏమీ మిగల్లేదనిపించింది కాబోలు, నోరు విప్పాడు.

“నమస్కారమండీ. కుండీ సార్, మీ మాస్కు గడ్డం కింద ఉంది. మీరంతా ఒకళ్ల మీద ఒకళ్లు పడుతున్నారు. కాస్త ఎడంగా నిలబడండి. మేడమ్, మీరు కాస్త పక్కకి వెళ్లి కూర్చోండి, మొహం పీక్కుపోయింది. నాకు వైవా టైమైంది, ఉంటాను.”

తెర ఆరిపోయింది. తన మొహమే పీక్కుపోయిందని వాడికి ఎవరు చెబుతారని డాక్టరమ్మ నవ్వబోయింది గాని, నవ్వుకు బదులు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. పిన్నిగారు కొంగుతో ముక్కు తుడుచుకుని, “పాపం, బంగారంలాంటి పిల్లాడు,” అన్నారు, ఏదో పురుడు సుఖంగా జరిగినంత తృప్తిగా.

ఆఫీసరు కాగితాలు మడిచి సెక్రటరీగారి వైపు తిరిగాడు. “ఫోన్ చేసింది మీరేగా? ఇంత దూరం వచ్చి ఒక్క శాంపిలైనా తీసుకోకుండా వెళితే పైవాళ్లు ఊరుకోరు. మాస్కు లేకుండా ఇంతమందినీ పోగేసింది కూడా మీరే. కూర్చోండి.”

ముక్కులో పెట్టే పుల్లను చూడగానే సెక్రటరీగారి చేతిలో కుండీ జారి కాలి మీద పడింది. “అమ్మా డాక్టరమ్మా, నాకు చేతులు వణుకుతున్నాయి!” అని గావుకేక పెట్టారు. డాక్టరమ్మ వెళ్లి ఆయన పక్కన, కాస్త ఎడంగా, కూర్చుంది. ఆయన ఊపిరి తీసుకుని వదిలిన చప్పుడు స్పీకర్లు లేకుండానే మూడో అంతస్తు దాకా వినిపించింది. ఫలితం తేలేదాకా గడప దాటకూడదని ఆరోగ్య శాఖవాళ్లు ఆయన తలుపుకు నోటీసు అంటించి వెళ్లారు.

మధ్యాహ్నానికి మాస్టారు అసలు తాళంచెవి పట్టుకొచ్చి కారు తెరిచేసరికి ఫోను మోగుతోంది. ఎత్తగానే తెర మీద తాబేలు మొహం కనబడింది. జుట్టు తడిపి దువ్వుకున్నాడు కూడా.

“ఎలా జరిగిందిరా?” అంది డాక్టరమ్మ ఆత్రంగా.

“ఇద్దరు ఎగ్జామినర్లు మేడమ్. ఒకాయన ఎంతకీ కెమెరా ఆన్ చెయ్యలేదు. ఇంకొకాయన మాట్లాడదామని నోరు తెరవడం, భయపడి మూసెయ్యడం. పాపమనిపించి, కంగారుపడకండి సార్, నాకు తెలిసిందేదో నేనే చెప్పేస్తానని ధైర్యం చెప్పాను.”

మార్కులు మాత్రం బాగానే వేశారు.