ముద్దాయి నీలం కుళాయి

"గుర్తుపెట్టుకో హుమైద్! నేరమనేది ఎన్ని గోడల వెనక దాక్కున్నా ఈ ఖల్ఫాన్ దాన్ని జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చుకొస్తాడు. నాది డేగ చూపు. వేటకుక్క ముక్కు. ఇక నా బుర్రంటావా..."

"నీ బుర్ర సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ కిటికీ అద్దం పూర్తిగా దించు, ఊపిరాడట్లేదు."

మా కొండ దిగామో లేదో కారులో ఏసీ చేతులెత్తేసింది. జూన్ నెల. కింద సముద్రం పక్కనున్న సీబ్ పట్నం దగ్గరపడుతున్నకొద్దీ గాలి పెనం మీంచి వస్తున్నట్టుంది. మా జబల్ అఖ్దర్ కొండ మీద మేం ఈ నెలలో కూడా రాత్రిళ్ళు దుప్పటి కప్పుకుంటాం. కిందివాళ్ళు ఈ ఎండలో ఎలా బతుకుతారో నాకెప్పుడూ అర్థం కాదు.

ఖల్ఫాన్ మా పిన్ని కొడుకు. ఊళ్ళో ఇంటింటికీ గ్యాస్ సిలిండర్లు వేస్తాడు. అది పొట్టకూటికి. ఆత్మతృప్తికి అపరాధ పరిశోధన. కిందటేడు మా అమ్మ మేక కనబడకపోతే ఊరు ఊరంతటినీ అనుమానించి, పక్కింటి ముసలాయన గడ్డంలో మేక వెంట్రుకల కోసం భూతద్దం పెట్టి వెతికాడు. చివరికి ఆ మేక వీడి బండిలోనే, సిలిండర్ల వెనక హాయిగా నిద్రపోతూ కనిపించింది. "దొంగసొత్తును పోలీసు బండిలోనే దాచాడంటే వాడెంత ఘటికుడో చూడు!" అన్నాడు తప్ప రవ్వంత సిగ్గుపడలేదు.

అలాంటివాణ్ణి వెంటేసుకుని నేను పెళ్ళి మాటలకు వెళుతున్నాను. మా నాన్నకు నడుం పట్టేసింది. అన్నయ్య ఎక్కడో దూరాన సలాలాలో ఉన్నాడు. పెద్ద దిక్కుగా ఒక మగ బంధువు ఉండాలి కదా, నా ఖర్మ కొద్దీ దొరికింది వీడే.

అమ్మాయి పేరు రయ్యా. దానిమ్మల కాలంలో నిజ్వా సంతలో నా దగ్గర కాయలు కొనడానికి వచ్చింది. నేను బుట్ట అడుగున సర్దిపెట్టిన మెత్తటి కాయలన్నీ ఏరి పైన పేర్చి, పదిమందిలో నన్ను కడిగి ఆరేసింది. అదేం విచిత్రమో, ఆ రోజు నుంచీ నాకు వేరే ధ్యాస లేదు. మా అమ్మ వెళ్ళి సంబంధం అడిగింది. వాళ్ళ నాన్న మర్హూన్ గారు ఫోన్‌లో ఖరాఖండిగా చెప్పేశారు.

"నాకిష్టమే నాయనా. పిల్ల మాత్రం ఔననదు, కాదనదు. నేను బలవంతపెట్టను. మీరు రండి, ఖాజీగారిని కూడా పిలుస్తాను. సాయంత్రం అసర్ నమాజయ్యాక అందరి ముందూ అడుగుతాను. ఔనంటే అప్పుడే నిఖా చదివించేద్దాం. నోరు విప్పకపోతే హల్వా తిని, కాఫీ తాగి క్షేమంగా వెళ్ళిరండి."

అంటే నా బతుకంతా ఆ పిల్ల నోట్లోంచి రావాల్సిన ఒక్క మాట మీద ఉంది. రాత్రి నిద్ర పడితే ఒట్టు.

సీబ్‌లో వాళ్ళింటి గేటు దగ్గర రయ్యా అన్న యారుబ్ ఎదురొచ్చాడు. మనిషి సరదాగా ఉన్నాడు. మమ్మల్ని అతిథుల గదిలోకి తీసుకెళ్ళి, స్నానాలగది తలుపు చూపించాడు.

"చెమటకి తడిసి ముద్దయిపోయారు బావగారూ. ఖాజీగారు వచ్చేలోపు స్నానం కానివ్వండి. అన్నట్టు ఎర్రదే తిప్పండి, నీలం జోలికి పోకండి," అని నవ్వుతూనే ఫోన్ మోగితే చెవిన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఖల్ఫాన్ తలుపు గడియ పెట్టాడు. కళ్ళు చిన్నవి చేశాడు.

"విన్నావా?"

"ఏం వినాలి?"

"ఎర్రదంటే వేడినీళ్ళు. ఒళ్ళు మాడిపోయే ఈ ఎండలో నిన్ను వేడినీళ్ళు పోసుకోమంటున్నాడు! పైగా నవ్వాడు. నవ్వితే పైపళ్ళే కనిపించాయి. కరుడుగట్టిన హంతకుడి లక్షణం."

"ఎవడు నవ్వినా పైపళ్ళే కనిపిస్తాయి కదరా!"

"మాట మార్చకు. ఈ పెళ్ళి ఇష్టం లేనివాడెవడో ఈ ఇంట్లో ఉన్నాడు. నా మాట విని నీలమే తిప్పు."

వాడి తర్కం ఎలా ఉన్నా, చల్లటినీళ్ళు కావాలంటే నీలం తిప్పాలని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సరేలెమ్మని లోపలికి వెళ్ళాను.

వెళ్ళి నోరెళ్ళబెట్టాను. మా ఇంట్లో ఒక కుళాయి, ఒక బకెట్, ఒక మగ్గు. ఇక్కడ గోడకు నిలువెత్తు స్టీలు పలక బిగించి ఉంది. ఒళ్ళంతా చిల్లులే. కింద ఎరుపు, నీలం కుళాయిలు. వాటి పైన వరసగా మూడు పిడులు. ఒకదాని మీద వాన బొమ్మ, ఒకదాని మీద దువ్వెనలాంటిదేదో, మూడోదాని మీద చుట్టూ బాణాలున్న మనిషి బొమ్మ. ఆ మనిషి ఏం తప్పు చేశాడో నాకప్పుడు తెలియలేదు.

నీలం కుళాయి విప్పి, వాన పిడి తిప్పాను. అబ్బ! చల్లటినీళ్ళు. ప్రాణం లేచొచ్చింది. హాయిగా తలకు సబ్బు పట్టించి నురగ తీస్తున్నాను. ఉన్నట్టుండి నెత్తిన సలసల కాగే నీళ్ళు పడ్డాయి.

"యా రబ్బీ!"

కళ్ళు మూసుకుని తడుముకుంటూ ఏదో పిడి తిప్పాను. పైనుంచి ఆగలేదు సరికదా, ఆ పలకలోని చిల్లులన్నీ ఒక్కసారిగా నా మీద దాడి చేశాయి. పొట్ట మీద, మోకాళ్ళ మీద, చెప్పుకోలేని చోట్ల మీద. బాణాల మనిషి గతేమిటో అప్పుడర్థమైంది. నీలం కుళాయి కట్టేసి, లుంగీ చుట్టుకుని, తలనిండా నురగతో బయటపడ్డాను.

ఖల్ఫాన్ ముఖం పున్నమిలా వెలిగిపోయింది.

"హత్యాప్రయత్నం! నేను చెప్పలేదూ?"

"నువ్వు చెప్పిందే నీలం తిప్పమని!"

"అదే మరి. హంతకుడు నాకన్నా ఒకడుగు ముందున్నాడు. నేను నీలం తిప్పమంటానని ముందే పసిగట్టి నీలంలోనే వేడినీళ్ళు పెట్టాడు!"

"ఉండు, ఎర్రది తిప్పి తల కడుక్కుంటాను."

"ఖబడ్దార్! తల ముట్టుకోకు. ఆ నురగ సాక్ష్యం. అది కడిగితే కేసు కొట్టుకుపోతుంది."

మంట మీదున్న నాకు ఎర్రదాని జోలికి వెళ్ళడానికి నిజంగానే గుండె చాలలేదు. నీలమే అలా కాలితే ఎరుపు ఇంకెలా కాలుస్తుందో! నెత్తిన నురగతో మంచం మీద చతికిలబడ్డాను.

ఖల్ఫాన్ భూతద్దం తీసుకుని నడవాలోకి వెళ్ళాడు. ఆ నడవా చివర ఇంటికంతటికీ కలిపి పెద్ద హీటర్ ఉంది. దాని స్విచ్ దగ్గర వంగి, వాసన చూసి, గుసగుసగా పిలిచాడు.

"హీటర్ ఆపేసి ఉంది! హీటర్ నడవడం లేదు, నీళ్ళు మాత్రం మరిగాయి. దీన్నిబట్టి నీకేమనిపిస్తోంది?"

"ఇంటికి వెళ్ళిపోవాలనిపిస్తోంది."

"నీళ్ళు కాచి, నిన్ను ఉడకబెట్టి, ఆధారం లేకుండా స్విచ్ ఆపేసి చల్లగా జారుకున్నాడు. అయితే నేరస్థుడు మళ్ళీ ఇక్కడికి వచ్చితీరతాడు. అందుకే వల పన్నుతున్నాను," అంటూ స్విచ్ టక్కుమని నొక్కాడు. హీటర్ మీద ఎర్రదీపం వెలిగింది. జేబులోంచి పొట్లం తీశాడు. దాన్ని వాడు వేలిముద్రల పొడి అంటాడు. మా అమ్మ వంటింట్లో పసుపు అది. స్విచ్ మీద చిటికెడు చల్లబోయి గుప్పెడు ఒలకబోశాడు.

"ఇక దీన్ని ఆపడానికి ఏ చెయ్యి వచ్చినా పచ్చగా దొరికిపోతుంది. నేను తలుపు సందులోంచి రెప్ప వాల్చకుండా చూస్తుంటాను."

వాడు తలుపు సందుకు ముఖం ఆనించి కూర్చున్నాడు. కాసేపటికి గురక మొదలైంది. నురగ ఎండి నా జుట్టు బిరుసెక్కుతోంది. నడవాలో మెత్తగా అడుగుల చప్పుడు, గాజుల చప్పుడు వినిపించాయి. ఒంటి మీద లుంగీ ఒక్కటే ఉన్నవాణ్ణి, బయటికెలా వస్తాను? తలుపు బయట ఏదో పెట్టినట్టు టక్కుమంది. ఆ చప్పుడుకు ఖల్ఫాన్ ఉలిక్కిపడి లేచి తలుపు తీశాడు. ఎవరూ లేరు. గుమ్మంలో బకెట్ ఉంది. బకెట్ నిండా నీళ్ళు, నీళ్ళ మీద ఐసు ముక్కలు తేలుతున్నాయి.

"అమ్మయ్య!" అని చెయ్యి చాచాను.

"ఆగు! ఉడకబెట్టి చంపడం కుదరక గడ్డకట్టించి చంపాలని చూస్తున్నారు," అంటూ బకెట్‌ను మంచం కిందికి తోసేశాడు. "విషపరీక్ష అయ్యేదాకా ఎవరూ ముట్టుకోవద్దు."

వాణ్ణి ఏదైనా చేసేద్దామన్నంత కోపం వచ్చింది. నేను లేచేలోపే ఇంటి లోపలి నుంచి పెడబొబ్బ వినిపించింది.

"చచ్చానురా నాయనో! కాలిపోయింది!"

మర్హూన్ గారి గొంతు. ఖల్ఫాన్ మాత్రం ఈల తీసి ఊదుకుంటూ పరుగెత్తాడు. "రెండో దాడి! ఎవరూ ఇల్లు కదలకండి!"

హడావుడిగా చొక్కా తగిలించుకుని వాడి వెనకాలే వెళ్ళాను. మగవాళ్ళు కూర్చునే మజ్లిస్ హాల్లో ఖాజీగారు, ఇద్దరు పెద్దలు అప్పుడే వచ్చి కాఫీ కప్పులు పట్టుకుని కూర్చున్నారు. లోపలి తలుపులోంచి మర్హూన్ గారు ఊడిపడ్డారు. లుంగీ, గడ్డంనిండా నురగ, భుజం ఎర్రగా కమిలిపోయి ఉంది. గుమ్మంలో ఆయన గడ్డాన, నేను నెత్తిన నురగతో ఎదురుబొదురుగా నిలబడ్డాం. మామా అల్లుళ్ళం కావాల్సిన వేళ!

"అందరూ చేతులెత్తండి!" అని అరిచాడు ఖల్ఫాన్. "ఈ ఇంట్లో మనుషుల్ని ఉడకబెట్టే హంతకుడున్నాడు. హీటర్ స్విచ్ మీద నేను పరిశోధక చూర్ణం చల్లాను. ఎవడి చెయ్యి పచ్చగా ఉంటే వాడే ముద్దాయి!"

ఏం తోచక ఖాజీగారు కూడా కప్పు పెట్టి చేతులెత్తారు. యారుబ్ పొట్ట పట్టుకుని నవ్వుతూనే చేతులు చూపించాడు. అందరివీ శుభ్రంగా ఉన్నాయి.

"మరి నీ చేతులో?" అన్నారు మర్హూన్ గారు.

ఖల్ఫాన్ ఎత్తి చూపిస్తున్న చెయ్యి మోచేతిదాకా పసుపు.

"ఇది... ఇది చల్లేటప్పుడు అంటుకుంది."

"అంటే హీటర్ వేసింది నువ్వేనా?"

"వేసింది నేనే. వల పన్నడంలో భాగంగా..."

"ఓరి నీ పరిశోధన తగలెయ్యా!" మర్హూన్ గారి గొంతుకు కప్పులు గలగలలాడాయి. "ఎండాకాలంలో మిద్దె మీద ట్యాంకు నీళ్ళు కుతకుతలాడతాయి. గొట్టంలో నిలిచిన నాలుగు చెంబులు అయిపోగానే నీలం కుళాయికి నేరుగా వచ్చేది ఆ నీళ్ళే. హీటర్ ఇంట్లో ఏసీలో ఉంటుంది. హీటర్ స్విచ్ ఆపేస్తే అందులో నీళ్ళే చల్లగా ఉంటాయి. ఎర్ర కుళాయికి అవొస్తాయి. ఈ నాలుగు నెలలూ ఇక్కడ వేడి చల్లన, చల్లన వేడి. సీబ్‌లో పాలు తాగే పిల్లక్కూడా తెలుసు!"

"నేను చెప్పాగా నాన్నా, ఎర్రదే తిప్పమని," అన్నాడు యారుబ్ నవ్వాపుకోలేక. "తల మీద నురగతో కూర్చోవడం కిటికీలోంచి చూసి లోపల అందరికీ చెప్పి నవ్వుకున్నాం కూడా."

"మా కొండ మీద నీళ్ళు రంగు మార్చవండీ," అన్నాడు ఖల్ఫాన్ నీళ్ళు నములుతూ.

"అయితే ఆ కొండ మీదే ఉండండి! కుళాయి తిప్పడం చేతకానివాడు సంసారమేం తిప్పుతాడు? అందులోనూ ఈ తెలివిమాలిన బంధుగణం! నా పిల్ల ఎందుకు నోరు విప్పలేదో ఇప్పుడర్థమైంది. ఖాజీగారూ, క్షమించండి. హల్వా తీసుకోండి."

ఏదో ఒకటి అనాలి. నోరు తెరిస్తే ఏడుపొచ్చేలా ఉంది. ఈ వెధవ తెలివితేటలకు నా జీవితం బలైపోయిందని వాడి పీక పిసికేద్దామని తిరిగాను. వాడు అక్కడ లేడు. నడవాలో స్విచ్ ముందు మోకరిల్లి భూతద్దం పట్టుకుని ఉన్నాడు.

"స్విచ్ ఆపేసి ఉంది!" అని కేకేశాడు. "నేను వేసి వదిలాను. ఎవరో ఆపారు. పసుపులో సన్నటి వేలిగుర్తు! ముద్దాయి ఇంకొకరున్నారు!"

"నోర్ముయ్యరా, పోదాం పద," అన్నాను.

మర్హూన్ గారు వెళ్ళి వంగి చూశారు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "అతిథుల నడవాలోకి ఎవరొచ్చారు?"

ఆడవాళ్ళ వైపు తలుపు వెనక గుసగుసలు మొదలయ్యాయి. వాటి మధ్యలోంచి, నిజ్వా సంతలో నన్ను కడిగేసిన గొంతు వినిపించింది.

"నేనే నాన్నా."

"నువ్వా? పరాయి మగవాళ్ళున్న వైపు నీకేం పని?"

"హీటర్ దీపం వెలుగుతుంటే ఆపడానికి వెళ్ళాను. అప్పటికే నీళ్ళు కాగిపోయినట్టున్నాయి. ఫ్రిజ్‌లో ఐసంతా బకెట్‌లో వేసి గుమ్మంలో పెట్టొచ్చాను, ఎవరూ తీసుకోలేదు."

"ఎందుకమ్మా ఇంత హైరానా? వచ్చినవాడు తల కడుక్కుంటే ఎంత, కడుక్కోకపోతే ఎంత?"

"ఎంతేమిటి నాన్నా!" ఆ గొంతు కస్సుమంది. "అన్నయ్యేమో నవ్వుతూ కూర్చున్నాడు. రేపు ఊరంతా, 'రయ్యా మొగుడు నిఖా నాడు చెవుల్లో నురగతో కూర్చున్నాడట' అని చెప్పుకుంటే జన్మంతా పడాల్సింది నేను కాదూ?"

ఖాజీగారు మెల్లగా గడ్డం సవరించుకున్నారు.

"ఏమన్నావు తల్లీ?" మర్హూన్ గారి గొంతులో కోపం ఎటు పోయిందో తెలియదు. "ఎవరి మొగుడు?"

ఖల్ఫాన్ ఒక్కసారిగా ఈల ఊదాడు. "కేసు తేలిపోయింది! ముద్దాయి ఒప్పేసుకుంది!" యారుబ్ వాడి నోరు మూశాడు.

"అలా కుదరదమ్మా," అన్నారు ఖాజీగారు నవ్వు దాచుకుంటూ. "నేను స్పష్టంగా వినాలి. ఈ సంబంధం నీకిష్టమేనా? ఔనా, కాదా?"

"ఔను. ఇష్టమే," అంది రయ్యా. "ముందు ఎవరైనా ఆయన తల కడిగించండి."